రైలు వచ్చేలోపు

ముందు గ్లాసులు మోగుతాయి.

రైలు ఆ తర్వాత.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో మా వంటిల్లు. గోడకు కొట్టిన చెక్క అలమర. అందులో బోర్లించిన స్టీలు గ్లాసులు, ఒకదాన్ని ఒకటి ఆనుకుని. రైలు ఇంకా ఎక్కడో ఉంటుంది, కూత కూడా వినపడదు — వీటికి మాత్రం తెలిసిపోతుంది. సన్నగా వణుకుతాయి. ణ్... ణ్... ణ్... పుట్టినప్పటి నుంచీ ఈ మోతలోనే ఉన్నాను. కొత్తగా వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడితే గానీ మాకు గుర్తుకే రాదు.

జూన్ నెల.

వాకిట్లో వేపపళ్ళు రాలుతున్నాయి. చెప్పుల కింద పడి చిట్లుతున్నాయి. తీపీ చేదూ కలిసిన వాసన. మబ్బు పట్టి ఉంది. వాన వస్తానంటోంది, వచ్చి పడటం లేదు. గాలి మాత్రం ఆగలేక అటూ ఇటూ తిరుగుతోంది.

నేనూ ఆగలేకపోతున్నాను.

నాకు రెండు సీట్లు వచ్చాయి.

రెండు!

ఒకటి లా కాలేజీలో, డిగ్రీ తర్వాత చదివే మూడేళ్ళ కోర్సు. ఇంకొకటి యూనివర్సిటీలో, చరిత్రలో పీహెచ్‌డీ. ఏదో ఒకటైనా రాకపోతుందా అని రెండు పరీక్షలూ రాశాను. ఒకే వారంలో రెండూ వచ్చి కూర్చున్నాయి. ఎం.ఏ. అయిపోయి, "ఇప్పుడేం చేస్తున్నావమ్మా?" అని అడిగినవాళ్ళకల్లా వెర్రినవ్వు నవ్వుతూ తిరిగిన జెరూషాకి, ఒక్కసారిగా రెండు జీవితాలు.

ఊరికే నవ్వొస్తోంది. పళ్ళు తోముకుంటూ నవ్వు. ఉల్లిపాయలు తరుగుతూ నవ్వు. "దీనికేదో గాలి సోకినట్టుంది," అంది నానమ్మ.

కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక్క సెట్టే. ఎక్కడ చేరితే అక్కడ ఇచ్చెయ్యాలి. గురువారం ఆఖరు. రెండు చోట్లా గురువారమే.

సర్టిఫికెట్లు ఒక్క సెట్టే... మనిషినీ ఒక్కదాన్నే.

*

మా ఇంట్లో ఒక రూలు ఉంది.

రైలు మోతలో అన్న మాట లెక్కలోకి రాదు.

మమ్మీ పెట్టిన రూలు అది. డాడీ మీద కోపం వస్తే మమ్మీ అప్పుడే ఏమీ అనదు. ఆగుతుంది. గ్లాసులు మోగేదాకా ఆగుతుంది. రైలు రాగానే మొదలుపెడుతుంది — గరిటె ఊపుతూ, కళ్ళు తిప్పుతూ, వాళ్ళ అత్తగారి దగ్గర్నుంచి రైల్వే శాఖ దాకా ఎవర్నీ వదలదు. డాడీ ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటారు. ఒక్క ముక్క వినపడదు. రైలు వెళ్ళిపోయాక మమ్మీ మామూలు గొంతుతో, "ఇంకో చుక్క పొయ్యనా?" అంటుంది. ఇన్నేళ్ళ కాపురం అలా సాఫీగా సాగిపోయింది.

నేనూ ఆ రూలు బాగానే వాడుకున్నాను. లెక్కల్లో ఫెయిలయ్యానని మోతలోనే చెప్పాను. సండే స్కూల్లో పాటలు పాడే ఎరిక్ అంటే ఇష్టమని మోతలోనే చెప్పాను, సరిగ్గా నానమ్మ మొహంలోకి చూస్తూ. ఆవిడ తల ఊపి, మళ్ళీ కందిపప్పు ఏరుకుంది.

ఈ వారమంతా నా బతుకు రైలు మోతలోనే.

ఒక రైలుకి — "నేను లాయర్నవుతాను!"

ఇంకో రైలుకి — "నేను డాక్టరేట్ చేస్తాను!"

రెండూ నోటికి రుచిగానే ఉన్నాయి. అదే వచ్చింది చిక్కు. ఒకటి చేదుగా ఉంటే ఉమ్మేసి రెండోది మింగేదాన్ని. గూడ్సు బండి వస్తే మరీ సంబరం. అది ఒక పట్టాన అయిపోదు. వంటింటి గడప మీద నిలబడి రెండు వైపులా నేనే వాదించి, నేనే తీర్పు చెప్పి, బండి చివరి పెట్టె దాటేలోపు ఆ తీర్పు నేనే కొట్టేసేదాన్ని.

మోతలో కదా. లెక్కలోకి రాదు.

*

ఇంకో ఆట కూడా ఉంది. అది నాదీ నానమ్మదీ.

గ్లాసులు మోగగానే నానమ్మ అడుగుతుంది — "ఎటే?"

అంటే, రైలు కాజీపేట వైపు పోతోందా, సికింద్రాబాద్ స్టేషన్‌కి వస్తోందా అని. పట్టాలకూ మాకూ మధ్య ఎత్తైన ప్రహరీ గోడ. బండి కనపడదు, మోత ఒక్కటే. నేను చెవులు రిక్కించి, ఊపిరి బిగబట్టి, "కాజీపేట!" అంటాను. నానమ్మ పప్పులోంచి తల ఎత్తకుండా "స్టేషన్‌కి" అంటుంది. అంతే. అప్పీలు లేదు.

నానమ్మ పేరు జ్ఞానమణి. గుంటూరు వైపు నుంచి పెళ్ళి చేసుకుని ఈ పట్టాల పక్కకు వచ్చింది. బడిలో సోషల్ టీచరు. మెట్టుగూడలో సగం మందికి దేశాల రాజధానులు ఆవిడే నేర్పింది, మిగతా సగం మంది చెవులు మెలిపెట్టింది. ఒకసారి క్లాసులో ఎవరో పిల్ల లేచి అడిగిందట: "మన మెట్టుగూడ చరిత్ర ఏ పుస్తకంలో ఉంది టీచర్?"

ఆ ఒక్క ప్రశ్నకే నానమ్మ దగ్గర జవాబు లేదు.

ఆ పుస్తకం కోసం ఇప్పటికీ చూస్తోంది. నేను చరిత్రలో ఎం.ఏ. చేరినప్పటి నుంచీ నా వైపు చూస్తోంది. పీహెచ్‌డీ సీటు సంగతి వినగానే, పీటల మీద పెళ్ళికూతుర్ని పిలిచినంత ముద్దుగా "డాక్టర్ జెరూషా" అంది. ఆ పిలుపు వింటే నా ఒళ్ళు ఝల్లుమంది. నిజం. పాత కాగితాల దుమ్ము, పాత గొంతులు, ఎవరూ రాసి పెట్టని వీధులు... అవన్నీ నావి అవుతాయి.

డాడీది ఇంకో కల.

డాడీ, డేవిడ్ రాజు, రైల్వే ఆఫీసులో కోర్టు కేసుల సెక్షన్. ఫైళ్ళు పట్టుకుని కోర్టుకు వెళ్తారు. వకీలుకు ఫైలు అందించి, బయట వరండాలో నిలబడతారు. లోపల తను తయారుచేసిన కాగితాల మీదే వాదన జరుగుతుంటుంది. ఎవరేమంటున్నారో వినపడదు. లోపల ఫ్యాన్ చప్పుడు, బయట జనం గోల.

"ఒక్కసారి లోపల బెంచీ మీద కూర్చుని వినాలి రా," అంటారు. "నువ్వు మాట్లాడుతుంటే."

అప్పుడూ ఒళ్ళు ఝల్లుమంది. నా ఒంటికి సిగ్గు లేదు, దేనికైనా ఝల్లుమంటుంది.

మమ్మీ మాత్రం, "నాకేదైనా ఒకటే గానీ, ఎప్పుడు చెప్తావో చెప్పు," అంది. అన్నింటికన్నా కష్టమైన ప్రశ్న అదే.

*

ఆదివారం అసలు గోల జరిగింది.

మా గుళ్ళో పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. దేవుడు మేలు చేసినవాళ్ళు లేచి చెప్తారు. జ్వరం తగ్గినవాళ్ళు, ప్రమోషన్ వచ్చినవాళ్ళు, పోయిన స్కూటర్ దొరికినవాళ్ళు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. మధ్యలో దారి.

కుడివైపు డాడీ లేచారు. ఇస్త్రీ చొక్కా. గొంతు సవరించుకున్నారు.

"మా అమ్మాయి జెరూషాకు లా సీటు దయచేసిన దేవునికి స్తోత్రం."

"ఆమెన్!" అంది గుడి మొత్తం.

నా పక్కన నానమ్మ వినలేదు. కళ్ళు మూసుకుని, తను చెప్పబోయే మాటలు లోలోపల వల్లె వేసుకుంటోంది. నేను కొంగు పట్టుకుని లాగేలోపే లేచి నిలబడింది. బడి గొంతు — చివరి బెంచీకి కూడా వినపడే గొంతు.

"మా మనవరాలు జెరూషాకు పీహెచ్‌డీ సీటు దయచేసిన దేవునికి స్తోత్రం!"

"ఆమె...న్?" అంది గుడి మొత్తం.

ఒకరికొకరు చెప్పుకోలేదు. ఇద్దరిదీ ఒకటే ఉపాయం. గుళ్ళో చెప్పేస్తే ఇక ఖాయమైపోయినట్టే — స్తోత్రం చెప్పాక వెనక్కి ఎవరు తీసుకుంటారు? ఒకే ఇంట్లో తల్లీ కొడుకూ, ఒకే ఎత్తు, ఒకే ఉదయం. మధ్య దారికి అటూ ఇటూ నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అది ముందు బెంచీ దాకా పాకింది. నేను పాటల పుస్తకంలో మొహం దాచుకున్నాను. సిగ్గు, భయం, నవ్వు... నవ్వే ఎక్కువ.

పాస్టర్ జకర్యా గారు చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టారు. బుధవారం సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక అని ప్రకటించారు.

"దేనికి కృతజ్ఞతో," అన్నారు, "ఆ రోజు పాపే లేచి చెప్తుంది."

*

మంగళవారం బన్సీలాల్‌పేట్ వెళ్ళాను. జేబులో పాలకోవా పొట్లం.

అక్కడ మెట్లబావి ఉంది. చెత్తతో పూడిపోయిన బావిని తవ్వి తీసి, కడిగి, దీపాలు పెట్టారు. ఇప్పుడు జనం వచ్చి ఫోటోలు దిగుతారు. నా ఎం.ఏ. ప్రాజెక్టు ఆ బావి చుట్టూ ఉన్న సందుల్లోని ముసలమ్మల మాటలు వినడం. అందరికన్నా ఎక్కువ మాట్లాడేది రోసమ్మ. ఆమెను ఒక్కటి అడిగితే పది చెప్తుంది. ఫోన్‌లో రికార్డింగు పెట్టుకుని, ఆమె గడప మీద కూర్చుంటే, పొద్దు ఎప్పుడు వాలిందో తెలిసేది కాదు.

అయితే ఒక్క ప్రశ్నకు మాత్రం ఎప్పుడూ ఒకే జవాబు రాలేదు.

"ఈ ఇంటికి ఎప్పుడొచ్చావు అవ్వా?"

ఒకరోజు — "గా పెద్దవాన పడ్డ ఏడు."

ఇంకోరోజు — "మా పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు."

మరోరోజు — "గీ బావిల నీళ్ళు చెంబుతోని ముంచుకున్నప్పుడే."

నేను నవ్వుకుని మూడూ రాసుకున్నాను. ఒకే మనిషి నోట మూడు కథలు. చరిత్ర చదివేవాళ్ళకు అంతకన్నా పండగ ఏముంటుంది?

మంగళవారం నాడు రోసమ్మ మాట్లాడలేదు.

కోవా చేతిలో పెట్టాను. పక్కన పెట్టింది. సీట్ల సంగతి చెప్పాను. "మంచిది బిడ్డా," అంది, అంతే. నాకు అర్థం కాలేదు.

మెల్లగా బయటపడింది. బావి బాగయ్యాక ఆ సందుకు విలువ వచ్చింది. ఎవరో వచ్చి ఆ గది తనదంటున్నాడు, రోసమ్మ మొన్న మొన్న వచ్చి చేరిందంటున్నాడు. కోర్టు దాకా పోయింది. ఎప్పటి నుంచి ఉంటున్నావో ఆమె చెప్పాలి.

"మా వకీలు అడిగిండు, చెప్పిన. మళ్ళ అడిగిండు, మళ్ళ చెప్పిన," అంది. "గిట్ల మూడు తీర్ల చెప్తే జడ్జి నమ్మడంట. అబద్ధం అంటరంట. ఒక్కటే చెప్పు, లేకుంటే నోరు మూసుకో అన్నడు. ఏది చెప్పాల్నో సమజైత లేదు బిడ్డా. గందుకే ఏం మాట్లాడత లేను."

గాలి ఆగిపోయింది. సందులో ఎవరి కుక్కరో కూత పెట్టింది.

నా లోపల ఏదో కదిలింది. సన్నగా... ణ్... ణ్...

"అవ్వా," అన్నాను, "ఆ పెద్దవాన పడ్డప్పుడు మీ పెద్దోడు ఎక్కడున్నాడు?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"యాడుంటడు? కడుపుల. నిండు చూలాల్ని. వంగి నీళ్ళు తోడుకునుడు ఎంత తక్లీఫో! గా వానకు బావే పైకొచ్చింది. మెట్టు మీద కూసుని చెంబుతోని ముంచుకున్న."

నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ లేచాను.

మూడు కాదు!

ఒకటే. ఒకే ఏడు. ఒకే వాన. ఆమె ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఒకసారి ఆకాశం వైపు నుంచి చెప్పింది. ఒకసారి కడుపు వైపు నుంచి. ఒకసారి బావి వైపు నుంచి. ఏళ్ళను అంకెల్లో దాచుకోని మనిషి ఇంకెలా చెప్తుంది? నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. మూడు కథలని మురిసిపోయి, మూడు పేజీల్లో రాసుకున్నాను!

ఇది రేపు నేను రాయబోయే పుస్తకంలో మంచి అధ్యాయం అవుతుంది. ఆరేళ్ళకో, ఏడేళ్ళకో. చదివినవాళ్ళు తల ఊపుతారు.

కానీ రోసమ్మను అడిగే రోజు ఆరేళ్ళ తర్వాత కాదు. ఆ రోజు ఆమె ఒక్కతే ఆ బోనులో నిలబడుతుంది. "మూడూ చెప్పు అవ్వా, మూడూ ఒకటే" అని పక్కన లేచి చెప్పేవాళ్ళు ఎవరుంటారు?

నేను ఉండాలి అనిపించింది. అంత గట్టిగా నాకు ఇంతవరకూ ఏదీ అనిపించలేదు. లైబ్రరీలో కాదు. వరండాలో కాదు. లోపల.

"మీ వకీలుకు ఈ మాట ఇట్లనే చెప్పు," అన్నాను. "వాన, కడుపు, బావి — మూడూ ఒక్క ఊపిరిలో చెప్పు. నేనూ వచ్చి చెప్తా."

"తిడతడేమో," అంది. కానీ పాలకోవా తీసి నోట్లో వేసుకుంది. నమిలేలోపే మాట షురూ చేసింది.

నేను వకీలయ్యేసరికి ఈ కేసు ఉంటుందా అంటే... మన కోర్టుల సంగతి తెలిసినవాళ్ళు నవ్వుతారు. ఉంటే ఉంటాను. లేకపోతే ఇంకో రోసమ్మ ఉంటుంది.

బయటకు వచ్చేసరికి వాన పడింది. అన్నాళ్ళు ఊరించిన వాన ఒక్క పెట్టున దిగింది. ఫోటోలు దిగేవాళ్ళు కేకలు వేస్తూ పరుగెత్తారు. నేను పరుగెత్తలేదు. బావి మెట్ల మీద చినుకులు ఒక్కొక్క మెట్టూ దిగుతుంటే చూస్తూ, నవ్వుతూ, తడిసి ముద్దయి నిలబడ్డాను.

*

బస్సులో గుర్తొచ్చింది.

నానమ్మ.

నవ్వు అక్కడ ఆగింది.

బుధవారం పొద్దున నానమ్మ తెల్ల పట్టుచీర తీసి మంచం మీద పరిచింది. తన పాత స్టూడెంట్లను పిలిచానంది. ముడుతలు చేత్తో సరిచేస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. చెప్పాలి. రైలు వస్తే బాగుండు అనుకున్నాను.

గ్లాసులు మోగాయి.

"ఎటే?" అంది.

"తెలీదు నానమ్మా." వెంటనే అడిగాను. "నీకెలా తెలుస్తుంది? ఎప్పుడూ కరెక్టుగా చెప్తావు?"

రైలు వచ్చింది. మా ఇద్దరి మధ్య నుంచే పోతున్నట్టు పోయింది. అది వెళ్ళిపోయేదాకా నానమ్మ ఆగింది. లెక్కలోకి వచ్చేలా చెప్పాలని కాబోలు.

"నాకేం తెలుసే! నా మొహం తెలుసు."

"ఇన్నేళ్ళూ?"

"టీచర్నే నేను. తెలీదంటే పిల్లలు నెత్తినెక్కరూ? గట్టిగా చెప్పేదాన్ని. నువ్వు నమ్మేదానివి. ఆ గోడెక్కి చూసిందెవరు?"

నేను నేల మీద కూలబడి నవ్వాను. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాను. నానమ్మ కూడా నవ్వింది, కట్టుడు పళ్ళు చేత్తో అదిమి పట్టుకుని. నవ్వి నవ్వి, చీర మీద ఒక ముడత మిగిలితే దాన్ని చూస్తూ అంది —

"మొన్న గుళ్ళో చెప్పింది కూడా అంతే అనుకో."

ఆ ముడతనూ చేత్తో సరిచేసింది. ఆవిడకు ఎంత తెలుసో నాకు తెలియలేదు. వచ్చే ఏడు డాడీ రిటైరైతే యాప్రాల్‌లో కట్టుకున్న ఇంటికి వెళ్ళిపోతాం. ఆ వీధికి రైలు వినపడదు. అక్కడ ఈ గ్లాసులు మోగవు. నానమ్మ నన్ను "ఎటే?" అని ఏం చూసి అడుగుతుందో అనిపించింది.

*

సాయంత్రానికి ఇల్లు నిండిపోయింది.

ముందు గదిలో గుడి నుంచి తెచ్చిన జంపఖానాలు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు. వాన తడికి వేపపళ్ళ వాసన ఇంకా పెరిగింది. వంటింట్లోంచి బిర్యానీ వాసన దాన్ని తోసేస్తోంది. బల్ల మీద కేకు. మమ్మీ తెలివైనది — 'జెరూషా' అని పేరొక్కటే రాయించి, కింద చోటు వదిలేయించింది. కేకు పక్కన నా సర్టిఫికెట్ల ఫైలు. దాని మీద ప్రార్థన చేస్తారట.

పాటలు పాడారు. చప్పట్లు కొట్టారు. పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. మధ్యలో రైలొచ్చింది. "పరిశుద్ధుడవైన మా..." దగ్గర ఆగారు. రైలు పోయాక "...తండ్రీ" అని అందుకున్నారు. మెట్టుగూడలో కళ్ళు మూసుకున్నవాళ్ళు కళ్ళు తెరవకుండానే రైలు కోసం ఆగుతారు.

తర్వాత నా వైపు తిరిగారు.

"అమ్మా జెరూషా, దేని గురించి ప్రార్థించమంటావు? రెండూ చెప్తే ప్రభువు ఏమనుకోడు గానీ, ఆదివారం నుంచి సంఘం పరేషాన్ అవుతోంది."

అందరూ నవ్వారు. నేను లేచాను.

డాడీ గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని ఉన్నారు, వరండాలో నిలబడే అలవాటు. నానమ్మ ముందు వరసలో, తెల్ల పట్టుచీరలో, పాత స్టూడెంట్ల మధ్య. బడి మొదటి రోజు కూర్చున్నంత నిటారుగా. మమ్మీ వంటింటి గడప మీద గరిటెతో.

నోరు తెరిచాను.

గ్లాసులు మోగాయి.

ణ్... ణ్... ణ్...

అందరికీ తెలుసు. అందరూ సర్దుకుని కూర్చున్నారు, ఆగుదామని. పాస్టర్ గారు తల ఊపారు, ఆగమ్మా అన్నట్టు. ఆగితే ఎంత సుఖం! రైలొస్తుంది. మోతలో చెప్పేయచ్చు. ఎవరికీ వినపడదు. లెక్కలోకి రాదు. తర్వాత చూసుకోవచ్చు...

గ్లాసులకూ రైలుకూ మధ్య కాస్త జాగా ఉంటుంది. ఇన్నేళ్ళుగా ఆ జాగాలోనే నేనూ నానమ్మా ఆడుకున్నాం.

రైలు వచ్చేలోపే చెప్పాను.

"లా. నేను లా చదువుతాను."

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. గట్టిగా. చివరి బెంచీ దాకా. అది నానమ్మ గొంతు.

అప్పుడు రైలు వచ్చింది.

ఇల్లంతా మోత. డాడీ గోడ వదిలేసి రెండు చేతులూ పైకెత్తారు, నోరు తెరిచి ఏదో అరుస్తున్నారు. మమ్మీ గరిటె పట్టుకునే ఏడుస్తోంది, నవ్వుతోంది. జనం చప్పట్లు కొడుతున్నారు, చప్పుడు లేదు. నా ఒంట్లో రైలు పరుగెడుతోంది, ఎముకల్లో, పళ్ళల్లో. ఇంత సంతోషం నేను మొయ్యగలనా అనిపించింది.

నానమ్మ ఒక్కతే కదల్లేదు.

నన్నే చూస్తోంది. ఆ పుస్తకం ఇక ఎవరు రాస్తారో నాకు తెలీదు. ఆ సంతోషం మధ్యలోనే అది సూదిలా దిగింది.

ఆవిడ పెదవులు కదిలాయి. ఏదో చెప్తోంది. చిన్న మాట కాదు, పెద్దదే. చూపుడు వేలు కూడా ఆడించింది. తిట్టిందేమో. దీవించిందేమో. రెండూ ఆవిడ ఒకే మొహంతో చేస్తుంది.

గూడ్సు బండి. ఎంతకీ అయిపోలేదు.

అయిపోయాక, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆవిడ మోకాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"ఏమన్నావు నానమ్మా?"

"రైలు మోతలో అన్న మాట లెక్కలోకి రాదు," అంది.

నా మొహం మీద చెమటకు అంటుకున్న వెంట్రుక ఒకటి వెనక్కి తోసింది. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఉంది. తర్వాత బడి గొంతుతో అడిగింది —

"ఎటే?"

నాకు తెలీదు. నిజంగా తెలీదు.

"కాజీపేట వైపు," అన్నాను. గట్టిగా.

నానమ్మ తల వంచి విన్నది. ఈసారి కాదనలేదు.

గోడెక్కి ఎవరూ చూడలేదు. వంటింట్లో చివరి గ్లాసు ఇంకా వణుకుతోంది. ణ్... ణ్...